జాబితాలో లేని సీసా

మార్చి 3

ఒరేయ్ కామా,

నువ్వు పంపిన సర్కారు వారి నిషిద్ధ మందుల జాబితా చేరింది. "అచ్చుతప్పులుంటే చూసిపెట్టక్కా" అని రాశావు. చూశాను. పదకొండున్నాయి, కామాల పిచ్చితో ఆ పేరు తెచ్చుకున్నవాడివి, నీకే కనపడలేదా? ఎర్ర పెన్సిలుతో దిద్ది దీంతో పెడుతున్నాను. అసలు తప్పు దిద్దడానికి మాత్రం పెన్సిలు చాల్లేదు, అందుకే ఈ ఉత్తరం. ఫోన్లోనే చెప్పేదాన్ని, కాని మనం ఫోన్లో మాట్లాడుకుంటే మూడో నిమిషానికి ఎవరో ఒకరం పెట్టేస్తాం. కాగితానికి ఆ సౌకర్యం లేదు. చచ్చినట్టు చివరిదాకా చదవాలి.

మీది పేర్ల చట్టంరా. పేరుంటే నేరం, లేకపోతే కాదు. మా ప్రయోగశాల గిడ్డంగి ఫ్రిజ్‌లో రెండో అరలో వేలెడంత సీసా ఒకటుంది. దాని మీద డై ఐసోప్రొపైల్ ట్రిప్టమిన్ అని రాసుంటుంది. మేం డి.ఐ.పి.టి. అంటాం. నీ నలభై రెండు పేజీల్లో అది లేదు. దాని అన్నలున్నారు, పినతండ్రి కొడుకులున్నారు, అది మాత్రం లేదు.

లా చదివినవాడివి కాబట్టి నెమ్మదిగా చెబుతాను. నీ మెదడులో సెరటోనిన్ అని ఒక పదార్థం ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. అది తాళంచెవి అనుకో, కొన్ని కణాల మీద దానికి సరిపోయే తాళాలుంటాయి. ట్రిప్టమిన్లన్నీ ఆ తాళంచెవికి దగ్గర పోలికలున్న దొంగ తాళంచెవులు. వీటిలో చాలావాటికి కళ్ళ మీద మోజు. రంగులు ఉబ్బిస్తాయి, గోడల్ని కదిలిస్తాయి. ఈ ఒక్కటి మాత్రం కంటిని దాదాపు వదిలేసి చెవిని పట్టుకుంటుంది. స్వరాన్ని కిందికి దించుతుంది. అన్నిటినీ ఒకే కొలతలో దించితే బాధే లేదు, ఒక్కో స్వరాన్ని ఒక్కో రకంగా దించుతుంది. దాంతో కలిసి పలకాల్సినవి కలియబడతాయి. తెలిసిన గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఎందుకు చెవినే పట్టుకుంటుందో ఎవరికీ తెలియదు. ఎంత ప్రమాదమో కూడా సరిగా తెలియదు, ఎందుకంటే దాన్ని పరిశోధించినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. కొన్ని దేశాల్లో దాని పేరు రాసి నిషేధించారు, కొన్నిచోట్ల "పోలిక ఉంది" అని నిషేధించారు, కొన్నిచోట్ల ఊసే ఎత్తలేదు. పోలిక ఉంటే శిక్షా? మేనమామ పోలికలున్నాయని మేనమామ చేసిన దొంగతనానికి మేనల్లుణ్ణి లోపలేస్తారా?

అణువులో ఒక్క కొమ్మ మారిస్తే చాలు, మీ చట్టం కళ్ళు మూసుకుంటుంది. ప్రమాదాన్ని కొలవని చట్టం పేర్లు పట్టుకుని వేలాడుతుంది. ఇది మీ కమిటీ పెద్దమనుషులకు ఎవరైనా చెప్పారా?

ఆ సీసా నా దగ్గర ఎందుకుందో నీకు చెప్పక్కర్లేదు. నాన్న ఎడమ చెవి గుర్తుందిగా, జ్వరమొచ్చాక స్వరాలు దిగి వినిపించేవి. ఆరోగ్యంగా ఉన్న చెవిని ఈ మందు ఎక్కడ వంచుతుందో ఎలుకల్లో కనిపెడితే, నాన్నలాంటి చెవి ఎక్కడ వంగిందో తెలుస్తుంది. అంతే.

మరదల్ని అడిగానని చెప్పు.

నీ అక్క


మార్చి 19

అక్కా,

అచ్చుతప్పులకు థాంక్స్. పన్నెండోది కూడా ఉంది, నువ్వు చూడలేదు. ఇరవయ్యో పేజీలో కామా ఉండాల్సిన చోట చుక్క పడింది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నిజం చెప్పాలంటే కళ్ళు తెరిపించావు. కమిటీ సమావేశంలో నీ పేరు చెప్పకుండా నీ మాట పెట్టాను. ఒక్క కొమ్మ మారిస్తే చట్టం గుడ్డిదవుతోందని చెప్పాను. అధ్యక్షుడుగారు బల్ల మీద చెయ్యేసి "ఇన్నాళ్ళూ మనకిది తట్టలేదేం!" అన్నారు. ఇక పేర్లతో పని లేకుండా కుటుంబం మొత్తాన్ని ఒకే వాక్యంలో బిగించమని నాకు అప్పజెప్పారు. చిత్తుప్రతి రాస్తున్నాను. నీ చలవే.

ఇంకో సంగతి అడగాలి. కోప్పడకు. ఆ మందు ఎలా పనిచేస్తుందో రాశావు చూడు, తెలిసిన గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంటుందని. అది పుస్తకంలో చదివి రాసినట్టు లేదు. మా ఆవిడకు వినిపిస్తే తనూ అదే అంది. నాన్న చెవితో వినాలని నీకెప్పట్నుంచో ఉంది, నాకు తెలుసు. నువ్వు అది తీసుకున్నావా? ఒక్క ముక్కలో చెప్పు, చాలు. ఎవరికీ చెప్పను.

నీ తమ్ముడు


మార్చి 27

కామాగారికి,

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడట. నేను నీకు చెప్పిందేమిటి, నువ్వు చేసిందేమిటి? పేర్లను బట్టి శిక్షలు వెయ్యకండిరా, ప్రమాదాన్ని కొలవండి అన్నాను. నువ్వు దాన్ని తీసుకెళ్ళి "సార్, ఇక్కడ కన్నం ఉంది, మూసేద్దాం" అన్నావు. ఎలకలున్నాయని చెబితే ఇల్లు తగలబెట్టే రకం మీరు. పైగా నా చలవట!

కుటుంబం మొత్తాన్ని బిగిస్తావా? బిగించు. ఆ కుటుంబంలో ఎవరెవరున్నారో తెలుసా? సెరటోనిన్ కూడా ట్రిప్టమినేరా. అంటే నీ తలకాయే ఒక నిషిద్ధ సరుకుల గోడౌను. మరదలు పార్శ్వపు నొప్పికి వేసుకునే బిళ్ళల్లో చాలావాటిదీ ఆ వంశమే. తన చేతిసంచీ సోదా చేయించి ఆ తర్వాత వాక్యం రాయి. "ఆమోదించిన మందులు తప్ప" అని ఒక తోక తగిలిస్తావు, నాకు తెలుసు. ఆమోదం రావాలంటే పరిశోధన కావాలి, పరిశోధన చెయ్యాలంటే లైసెన్సు కావాలి, లైసెన్సు ఇవ్వాలంటే ప్రమాదం లేదని పరిశోధన చూపించాలి. గానుగెద్దు కూడా ఇంతకన్నా ఎక్కువ దూరం వెళ్తుంది.

ఇక నీ రెండో ప్రశ్న. ఇరవై ఏడేళ్ళుగా తెల్లకోటు వేసుకున్నదాన్ని, పాలు విరిగాయో లేదో కూడా కాగితమ్ముక్కతో పరీక్షించేదాన్ని, నన్ను పట్టుకుని "తీసుకున్నావా" అంటావా? అది చాలక భార్యాభర్తలు కూర్చుని నా ఉత్తరానికి పంచాయితీ పెట్టారా? గొంతు బావిలోంచి రావడం గురించి పాత నోట్సుల్లో ముగ్గురు రాశారు. బాగా రాయడం నేరమైతే అది కూడా నీ జాబితాలో ఎక్కించు.

అమ్మ మాట గుర్తుందిగా. కోపంలో ఉత్తరం రాయొచ్చు, విప్పకూడదు. కోపంలో చదివితే అవతలివాడి గొంతు ఉన్నదానికన్నా కరుగ్గా వినిపిస్తుందని, వచ్చిన ఉత్తరాన్ని కుట్టుమిషను సొరుగులో పడేసి చల్లారాక తీసేది. ఆ మిషను ఇప్పుడు నా ఇంట్లోనే ఉంది. నీ తర్వాతి ఉత్తరం అందులోకి పోతుంది. ఎన్నాళ్ళుంటుందో నాకే తెలీదు.

ఇప్పట్లో చల్లారని నీ అక్క


జూన్ 20

ఒరేయ్,

కడుపు చల్లబడిందా? మొన్న వచ్చారు. ముగ్గురు తనిఖీవాళ్ళు, ఒక పోలీసావిడ. సరుకు అమ్మిన కంపెనీ పాత చిట్టాలోంచి మా అడ్రసు పట్టుకున్నారట. నేరుగా ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, రెండో అరలోంచి సీసా తీసి, "ఇది ఎవరి స్వాధీనంలో ఉంది?" అన్నారు. నేను నోరు తెరిచేలోపు మా స్టోర్సమ్మ రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టింది. "నా సంతకమేనండి" అంది. ఆమెను తీసుకెళ్ళిపోయారు.

స్టోర్సమ్మ గురించి నీకు చెప్పాను కదా. పద్దెనిమిదేళ్ళుగా మా గిడ్డంగి తాళాలు ఆమె దగ్గరే ఉంటాయి. సరుకు వస్తే నీలం సిరా, పోతే ఎర్ర సిరా. దూదిపింజ పోయినా రాస్తుంది. ఒకసారి డైరెక్టరుగారు గాజు గరాటు ఇంటికి పట్టుకెళ్తే గుమ్మందాకా వెళ్ళి, "సార్, అది మీతో వస్తే నా రిజిస్టరు ఏడుస్తుంది" అని వెనక్కి తెచ్చిన మనిషి. ఆమె ఇప్పుడు జైల్లో నేల మీద పడుకుంటోంది. మధుమేహం ఉంది. మందులు లోపలికి పంపడానికి రెండు రోజులు పట్టింది, ప్రతి బిళ్ళ పేరూ ఏ జాబితాలో ఉందో చూశారట!

మీ కొత్త చట్టం మే ఒకటిన వచ్చిందని, నెల లోపల సరుకు చెప్పుకున్నవాళ్ళకు మినహాయింపు ఉందని లాయరు చెప్పాకే నాకు తెలిసింది. నోటీసు మా ఆఫీసుకు వచ్చిందట. గుమాస్తా దాన్ని స్టోర్సు జాబితాతో పోల్చి, ఒక్క పేరు కూడా కనపడక "మాకు వర్తించదు" అని ముద్ర వేసి ఫైల్లో పెట్టాడు. నేను ఇవాళ ఆ నోటీసు చదివాను. నీ వాక్యం పదిహేడు లైన్లుంది. "ఇండోల్ వలయపు మూడవ స్థానమున అనుసంధింపబడిన" అంటూ మొదలై ఎక్కడా ఆగదు. వాడేం చేస్తాడు, వాడి తాతేం చేస్తాడు?

రాసినవాడివి నువ్వు. ఆ సీసా ఉందని తెలిసినవాడివి నువ్వు. సొంత అక్కకు ఒక్క కార్డు ముక్క రాయలేకపోయావా? ప్రపంచానికంతా నోటీసు, అక్కకు మాత్రం జైలా?

నీకు సంతకం కూడా దండగ


జూన్ 26

అక్కా,

రాశాను.

ఏప్రిల్ 28న రాశాను. నాలుగు పేజీలు, తోడు సరుకు చెప్పుకునే ఫారం. నింపాల్సినవన్నీ నింపి, సంతకం చోట పెన్సిలుతో గీత కూడా పెట్టాను. నువ్వు సంతకం పెట్టి తపాలాలో వెయ్యడమే మిగిలింది. జవాబు రాకపోతే, కోపంగా ఉన్నా పని చేసుంటుందిలే అనుకున్నాను. నీ కోపం ఎంతున్నా వారం రోజులకు మించదని లెక్కేశాను. రెండుసార్లు ఫోన్ చేశాను, నా పేరు చూసి ఎత్తలేదు నువ్వు. సొరుగు చూడు.

ఆ ఉత్తరం ఇంకా విప్పకపోతే నీకు ఒక సంగతి చెప్పాలి. అందులో నేను రాసినవి రాయకూడనివి. గెజిట్‌లో రాకముందే చట్టం సంగతి బయటికి చెప్పాను, అది మొదటి తప్పు. "నోటీసు చదివితే నీ సీసా అందులో ఉందని మీ స్టోర్సులో ఎవరూ పోల్చుకోలేరు, నేను చెబుతున్నాను కాబట్టి విను" అని రాశాను, అది రెండోది. ఆ ముక్క కోర్టుకు వెళ్తే మీ స్టోర్సమ్మ బయటికొస్తుంది. నేను లోపలికి కాకపోయినా ఇంటికి మాత్రం వెళ్తాను. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం. మా వాడి కాలేజీ ఇంకా రెండేళ్ళుంది.

నిన్ను ఏమీ చెయ్యమని చెప్పలేను. చించెయ్యమని రాస్తే ఈ ఉత్తరం కూడా సాక్ష్యమే అవుతుంది. చించొద్దని రాయడానికి నాకు ధైర్యం లేదు.

ఇంకొకటి. కేసు కాగితాల్లో చూశాను. ఫిబ్రవరిలో ఒక రోజు ఆ సీసా గిడ్డంగిలోంచి బయటికి వచ్చి అరగంటలో తిరిగొచ్చింది. బరువు అంతే ఉంది. ఎవరు తీసుకున్నారన్న గడి ఖాళీ. దాని గురించే మీ స్టోర్సమ్మను గుచ్చి గుచ్చి అడుగుతున్నారు. "నాకు గుర్తు లేదు" అంటోందట. దూదిపింజ మర్చిపోని మనిషికి అది గుర్తు లేదంటే నమ్ముతారా?

నీ తమ్ముడు


జూలై 1

ఒరేయ్ చిన్నోడా,

సొరుగు తీశాను. నీ కవరు ఉంది. దాని మీద నాన్న వాయిద్యాలు శ్రుతి చేసుకునే శ్రుతిదండం ఉంది. నేనే పెట్టి ఉంటాను, గాలికి ఎగరకుండా. మూసిన సొరుగులో గాలేమిటి? నా పిచ్చి కాకపోతే! ఉత్తరం బరువుగా ఉంది. నెల్లాళ్ళ గడువు, నింపిన ఫారం, ఒక మనిషి స్వేచ్ఛ, అన్నీ అందులో పెట్టి పంపావు. నేను దాని మీద ఇనుప ముక్క పెట్టి కోపాన్ని ముద్దు చేసుకుంటూ కూర్చున్నాను.

కోపం న్యాయమైనదైతే చాలు, దాంతో ఏం చేసినా న్యాయమే అనుకునేదాన్ని. యాభై మూడేళ్ళొచ్చాక తెలిసింది, న్యాయమైన కోపం కూడా ఉత్తరం విప్పకపోతే మనిషిని జైల్లో పెడుతుందని. కమిటీ నీ మాటకు బల్ల చరిచిందని మార్చిలోనే రాశావు. ఆ రోజే "గడువెంత, ఎప్పట్నుంచి" అని అడగాల్సింది. అడగలేదు. నిన్ను తిట్టడానికి సామెతలు వెతుక్కుంటున్నాను.

నువ్వడిగినదానికి ఇప్పుడు జవాబు. లేదు, తీసుకోలేదు. కాని ఫిబ్రవరిలో ఆ సీసా బయటికి తెచ్చింది నేనే. ఆ ముందు రోజు ఒకాయన వచ్చాడు. పియానోలు శ్రుతి చేసేవాడు, జ్వరమొచ్చి ఒక చెవి అర స్వరం దిగిపోయింది. నాన్నకు వచ్చినట్టే. స్కూల్లో పియానో నాన్న శ్రుతి చేసి లేచాక మేష్టారు ఒక మెట్టు నొక్కి, "మీకు పొద్దున్నే మందు ఎక్కువైనట్టుందే" అన్నాడు చూడు, పిల్లలంతా నవ్వారు, నువ్వూ నేనూ తలుపు దగ్గర నిలబడి ఉన్నాం. ఆ తర్వాత నాన్న ఇక ఏ వాయిద్యాన్నీ ముట్టుకోలేదు. ఆ వచ్చినాయన కూడా అదే మొహంతో కూర్చున్నాడు. మర్నాడు పదకొండింటికి సీసా తెచ్చి మూత తీశాను. తూచే గరిటె చేతిలో పట్టుకుని కూర్చున్నాను. నాన్న ఏం విన్నాడో ఒక్కసారి వినాలనిపించింది. అంతే. మళ్ళీ మూత పెట్టేశాను.

స్టోర్సమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఒక్క మాటే అడిగింది. "మేడం, ఇది తిరిగొస్తుందా, ఎర్ర సిరా తియ్యమంటారా?" తిరిగొస్తుందన్నాను. తూచింది, రాసింది, పేరు గడి వదిలేసింది. తన జన్మలో వదిలేసిన ఒకే ఒక్క గడి అది. ఆ గడి కోసం ఆమె నోరు మూసుకుని నేల మీద పడుకుంది.

నువ్వు "తీసుకున్నావా" అనగానే నాకు అంత మంట ఎందుకొచ్చిందో ఇప్పుడర్థమైందా? దగ్గరగా తగిలింది.

పద్నాలుగో తారీఖు వాయిదా. ఆ గడిలో నా పేరు నేనే చెబుతాను. నీ కవరు కూడా పట్టుకెళ్తాను. నీ ఉద్యోగం పోతుందని తెలుసు, నీ కొడుకు ఫీజు సంగతి తెలుసు, అయినా తీసుకెళ్తాను. ఆ పదిహేడు లైన్లు ఎవరికీ అర్థం కావని రాసినవాడికే తెలుసన్న సంగతి ఇంకెక్కడా లేదు, ఆ కవర్లోనే ఉంది. విప్పలేదు. విప్పను. చల్లారాకే విప్పాలని అమ్మ చెప్పింది, నాకింకా చల్లారలేదు. నీ మీదో నా మీదో తేల్చుకోలేకపోతున్నాను. జడ్జిగారి చేత విప్పిస్తాను. ఆయనకు మన మీద కోపం లేదుగా.

అక్క


జూలై 6

అక్కా,

తీసుకురా. తడి తగలకుండా ప్లాస్టిక్ సంచీలో పెట్టు. మీద తపాలా ముద్ర తేదీ సరిగ్గా పడిందో లేదో చూసుకో, పడకపోతే ఇక్కడి పోస్టాఫీసు రసీదు నా దగ్గరుంది, తెస్తాను.

మా ఆవిడకు చెప్పాను. పొయ్యి కట్టేసి వచ్చి కూర్చుంది. తర్వాత "ఆ పదిహేడు లైన్లు నాకు చదివి వినిపించు" అంది. చదివాను. ఊపిరి తీసుకోవడానికి ఎక్కడా చోటు దొరకలేదు. కామాలు నేనే పెట్టలేదక్కా. మా ఆఫీసులో పెట్టమన్నా పెట్టలేదు. పెడితే జనం అక్కడ ఆగి ఆలోచిస్తారు.

నీకొక్కదానికే కోపం వస్తుందనుకోకు. ఇరవై రెండేళ్ళుగా ఇలాంటి వాక్యాలు రాస్తూ నేను కూడా ఒక సొరుగు మూసుకునే కూర్చున్నాను.

పద్నాలుగున కలుద్దాం.

నీ తమ్ముడు


జూలై 19

ఒరేయ్ తమ్ముడూ,

మాట్లాడకుండా బస్సెక్కి వెళ్ళిపోయావు. మొహం చూపించలేకా, నా మొహం చూడలేకా?

జడ్జిగారు కవరు అంచు కత్తిరించిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ నాలుగు పేజీలూ ఆయన పైకి చదివారు. నీ మాటలు నీ గొంతులో కాక, నా కోపంలోంచి కూడా కాక, పరాయివాడి గొంతులో విన్నాను. "కోపం తర్వాత పడుదువుగాని, ముందు ఫారం పంపు. నీకేమైనా అయితే నేను తట్టుకోలేను" అని రాశావు. ఏప్రిల్లో విప్పి ఉంటే అది కూడా నాకు తిట్టులాగే వినిపించేదేమో. ఆ మందు అక్కర్లేదురా, మన చెవులు పుట్టుకతోనే వంకర.

తర్వాత ఆయన నిన్ను అడిగారు, ఎవరూ పోల్చుకోలేరని తెలిసి మరెందుకలా రాశారని. నువ్వన్నావు, "అర్థమైతే తప్పించుకుంటారని." నాకు లేచి నీ చెంప పగలగొట్టాలనిపించింది, అదే క్షణంలో ఈల వెయ్యాలనీ అనిపించింది. ఇన్నేళ్ళు నేను వ్యాసాల్లో అరిచింది నువ్వు రెండు మాటల్లో చెప్పేశావు. అది కూడా బోనులో నిలబడి.

స్టోర్సమ్మ మీద కేసు కొట్టేశారు. ఇప్పుడు నా మీద పెట్టారు, పెట్టుకోనీ. నా పేరు చెబుతున్నప్పుడు ఆమె నా వంక గుర్రుగా చూసింది. బయటికొచ్చాక మొదటి మాట, "గడి నేను ఖాళీగా ఉంచింది మీరు నింపడానికా?" అని తిట్టింది. నిన్న డ్యూటీలో చేరింది. రాగానే రిజిస్టరు తెరిచి ఎర్ర సిరా తీసి, సీసా ఎదురుగా "సర్కారు వారు పట్టుకెళ్ళారు, రసీదు ఇవ్వలేదు" అని రాసింది. ఫిబ్రవరి గడిలో నా చేత సంతకం పెట్టించింది.

పియానో ఆయన మళ్ళీ వచ్చాడు. పరిశోధన ఆగిపోయిందని చెప్పాను. "ఎందుకండీ?" అన్నాడు. నీ పదిహేడు లైన్లు ఆయన చేతిలో పెట్టాను. చదివి, మడిచి, "ఇది ఏ చెవితో వినాలండీ?" అన్నాడు. ఆ వాక్యం ఇంకా చట్టమేరా. నిన్ను సస్పెండ్ చేశారు, దాన్ని చెయ్యలేదు. కాబట్టి ఖాళీగా కూర్చోకు. దాన్ని మనుషుల భాషలో తిరగరాసి పంపు, కామాలతో సహా. నేను ఎర్ర పెన్సిలు చెక్కి ఉంచాను. పిటిషన్ వేద్దాం.

సొరుగులో ఇప్పుడు శ్రుతిదండం ఒక్కటే ఉంది. నీ ఉత్తరం వచ్చిన రోజే విప్పుతాను, ఎంత కోపంలో ఉన్నా సరే.

అక్క